గోడ తీసేయడం తేలికే, దాని పనులు ఎవరు చేస్తారు?

రెస్టారెంట్‌లో హాలుకీ వంటగదికీ మధ్య ఉండే గోడ గురించి ఎవరూ ఆలోచించరు. పొగను ఆపేది అదే. వేడి, వాసన, గిన్నెల చప్పుడు, చెఫ్ కేకలు, కళ్లు జిగేల్మనిపించే తెల్లటి లైట్లు, చెత్తబుట్ట, చెమట తుడుచుకుంటున్న కుర్రాడు, అన్నిటినీ అవతలే ఉంచేది అదే. నిప్పంటుకుంటే కాసేపైనా అడ్డుకునేదీ అదే. జీతం అడగని పనిమనిషి లాంటిది. దాన్ని తీసేస్తే ఆ పనులన్నీ ఒక్కొక్కటిగా ఇంకెవరికైనా అప్పగించాలి. ఓపెన్ కిచెన్ ఉన్న ఒక ఖరీదైన రెస్టారెంట్‌కు ఇంటీరియర్ చేసినన్నాళ్లూ నేను చేసింది చాలావరకు ఈ అప్పగింతలే.

అంతకుముందు నావి ఎక్కువగా ఇళ్లు, ఆఫీసులు. రెస్టారెంట్లు చేయకపోలేదు గానీ, వాటిలో వంటగది ఒక తలుపు వెనకాల ఉండేది. లోపల ఏముండాలో కిచెన్ కన్సల్టెంట్ చూసుకునేవారు. నా డ్రాయింగ్‌లో అదొక ఖాళీ గడి, అంతే. ఈసారి ఆ గడే హాల్లోకి వచ్చి కూర్చుంది.

పని ఇచ్చింది ఇద్దరు పార్ట్‌నర్లు. డబ్బు పెట్టేది ఒకాయన, వంట చేసేది ఇంకొకాయన. మొదటాయన ఫోన్ నిండా ఫొటోలే. ఫ్రెంచి చెఫ్ జోయెల్ రోబుషాన్ 2003లో పారిస్‌లోనూ టోక్యోలోనూ తెరిచిన ‘లాటెలియే’ రెస్టారెంట్ల ఫొటోలు వాటిలో చాలా ఉన్నాయి. ఎరుపు, నలుపు రంగుల గది, వంటగది చుట్టూ కౌంటరు, ఎత్తు కుర్చీలు. “ఇదే కావాలి మేడమ్. గోడ అన్నమాటే ఉండకూడదు” అన్నారు. చెఫ్ గారు ఆ ఫొటోల వంక చూడను కూడా చూడలేదు. “పొగ ఎటు పోతుందో ముందు అది తేల్చండి” అని ఊరుకున్నారు.

వంటగదిని నలుగురికీ చూపించాలన్న సరదా ఈనాటిది కాదు. 1841లో లండన్‌లో రిఫార్మ్ క్లబ్ కొత్త భవనంలో అలెక్సిస్ సోయర్ అనే చెఫ్ నడిపిన వంటగదిని చూడటానికే పెద్దమనుషులు వచ్చేవారు. 1982లో లాస్ ఏంజెలెస్ పక్కన వెస్ట్ హాలీవుడ్‌లో వుల్ఫ్‌గాంగ్ పక్ అనే చెఫ్ ‘స్పాగో’ రెస్టారెంట్ తెరిచి, పేరున్నవాళ్లు భోంచేసే చోట వంట కళ్లెదురుగా జరగడం గొప్పగా ఉంటుందని చూపించాక ఈ పద్ధతి బాగా పాకింది. ఇవన్నీ ఫొటోల్లో చూస్తే బాగానే ఉంటాయి. ఫొటోలో గాలి కనబడదు, అదొక్కటే చిక్కు.

నా పని గాలితోనే మొదలైంది. పొయ్యిలన్నీ గది నడిమధ్యలో ఐలాండ్‌గా ఉండాలని చెఫ్ గారి కోరిక. వంటవాళ్లు హాలు వైపు తిరిగి నిలబడతారు, అతిథులకు వీపులు కాకుండా ముఖాలు కనబడతాయి. మాట నిజమే. కానీ ఐలాండ్ మీద వేలాడుతూ పొగను లాగే హుడ్‌కు నాలుగు వైపులా ఖాళీయే. వంట పొగ తనంతట తానే పైకి లేస్తుంది. హుడ్ చేయాల్సింది అలా వచ్చినదాన్ని పక్కకు జారిపోకుండా పట్టుకోవడం. అందుకే హుడ్ అంచు పొయ్యి అంచు కంటే కనీసం ఆరంగుళాలు బయటికి ఉండాలంటారు. నాలుగు వైపులా తెరిచి ఉన్నప్పుడు ఎవరైనా చురుగ్గా పక్కనుంచి నడిచినా, ఏసీ గాలి అటు కొట్టినా పొగ వాలిపోతుంది. దాన్ని లాగి పట్టుకోవాలంటే గోడకు ఆనించిన హుడ్ కంటే చాలా ఎక్కువ గాలి లాగాలి. ఎక్కువ గాలి అంటే పెద్ద ఫ్యాను, పెద్ద డక్టు, పెద్ద చప్పుడు. పైగా చల్లబరచడానికి డబ్బు పోసిన గాలిని ఎడాపెడా బయటికి తోసేయడం.

రెండు మూడు మీటింగులు దీని మీదే నలిగాయి. చివరికి వంటనే రెండుగా విడగొట్టాం. గ్రిల్లు, ఫ్రయ్యర్, పెద్ద మంట బర్నర్లు వెనక గోడకు పోయాయి. వాటి మీద గోడ హుడ్, రెండు పక్కలా కిందికి దిగే స్టీలు రెక్కలు. ఆ రెక్కలు చూడటానికి ఏమంత అందంగా ఉండవు గానీ, పక్కగాలిని ఆపడంలో వాటిని మించింది లేదు. ముందున్న ఐలాండ్ మీద ఇండక్షన్ పొయ్యిలు, ప్లేటు తీర్చిదిద్దే చోటు మిగిలాయి. ఇండక్షన్‌లో మంట ఉండదు, వేడి ఎక్కువ భాగం గిన్నెకే పోతుంది కాబట్టి పక్కనున్నవాళ్లకు సెగ తగలదు, హుడ్ మీదా భారం తగ్గుతుంది. అతిథికి దగ్గరగా జరిగేది చేతుల పనితనం, దూరంగా వెనకాల మండేది మంట. చూడటానికి కూడా ఇదే బాగుంటుందని ప్లాన్ గీశాక గానీ చెఫ్ గారు ఒప్పుకోలేదు.

ఇక లాగేసిన గాలికి బదులు గాలి. ఎంత బయటికి పంపితే అంతా ఎక్కడినుంచో ఒకచోటి నుంచి లోపలికి రావాల్సిందే. మనం దారి చూపించకపోతే అది మెయిన్ డోర్ సందుల్లోంచో, టాయిలెట్ల వైపు నుంచో దారి వెతుక్కుంటుంది. కొన్ని రెస్టారెంట్లలో తలుపు లాగితే ఒక పట్టాన రాదు, సందులో ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. లోపల ఎక్జాస్ట్ గట్టిగా పనిచేస్తోంది, దానికి తగ్గ మేకప్ ఎయిర్, అంటే ఆ బదులు గాలి, మాత్రం లేదు అన్నమాట. మా దగ్గర బయటికి పోయేదానికి బదులు, అందులో దాదాపు 80 శాతం మేర, శుభ్రం చేసిన బయటి గాలిని వంటగదిలోకే, హుడ్ ముందు భాగం నుంచి, బాగా నెమ్మదిగా వదిలే ఏర్పాటు చేశాం. మిగిలిన భాగం హాల్లోంచి రావాలి. గోడ చేసే పనిలో సగం ఇదే చేస్తుంది. హాల్లో గాలి ఒత్తిడి వంటగదిలో కంటే పిసరంత ఎక్కువ ఉంటే గాలి నడక ఎప్పుడూ హాల్లోంచి వంటగది వైపే. వాసన ఎదురు నడిచి రాలేదు.

“మరి వాసనే రాకపోతే ఓపెన్ కిచెన్ ఎందుకు మేడమ్?” అని ఓనర్ గారి అనుమానం. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లకు మూడడుగుల దూరంలో ప్లేటు తయారవుతుంది, వాళ్లకు వాసన ఎలాగూ అందుతుంది. “ఆకలి పుట్టించేంత వరకే వాసన. ఇంటికెళ్లాక చొక్కాలోంచి రాకూడదు” అని చెఫ్ గారు తేల్చేశారు. నేను ఇంతకంటే బాగా చెప్పలేకపోయేదాన్ని.

ఏసీ వాళ్లతో గొడవ వేరే. పాస్ దగ్గర, అంటే తయారైన ప్లేట్లు సర్వర్ల చేతికి అందే చోట, నెత్తి మీదే నాలుగు వైపులా గాలి చిమ్మే గ్రిల్ గీసి పెట్టారు. అది ఒకవైపు హుడ్ కింది పొగను చెదరగొడుతుంది, ఇంకోవైపు ప్లేటులో ఉన్నదాన్ని చల్లారుస్తుంది. వెనక్కి జరిపించి, గాలి గోడవారగా మెల్లగా దిగేలా మార్పించాను. ఫ్యాన్లు సర్దుబాటు చేసే రోజున ఇంజినీరు మీటరుతో కొలుస్తుంటే నేను ఒక టిష్యూ పేపరును సన్నగా చీరి పాస్ అంచు మీద పట్టుకుని నిలబడ్డాను. మొదట అది వంటగది వైపు వాలింది. ఎవరో మెయిన్ డోర్ తెరిచారు. కాగితం రెపరెపలాడి, ఒక్క క్షణం నిటారుగా నిలిచి, హాలు వైపు తిరిగింది. తలుపు మూయగానే మళ్లీ సర్దుకుంది. ప్రవేశం దగ్గర రెండో తలుపు పెట్టి చిన్న గది చేయాలని నేను మొదట్నుంచీ అడుగుతున్నాను, రెండు సీట్లు పోతాయని ఓనర్ గారు వద్దంటున్నారు. ఆ కాగితం ముక్క చూశాక సీట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

డక్టు సంగతి తేలికగా తీసుకునేది కాదు. అందులో పోయేది ఉత్త పొగ కాదు, జిడ్డు. జిడ్డు పేరుకున్న డక్టుకు నిప్పురవ్వ తగిలితే అదే చిమ్నీ అయి మండుతుంది. అందుకే దాన్ని మందపాటి స్టీలు రేకుతో, జాయింట్లన్నీ వెల్డింగ్ చేసి, జిడ్డు నిలవకుండా వాటం ఇచ్చి, మలుపు మలుపునా శుభ్రం చేయడానికి చిన్న తలుపులు పెట్టి కట్టాలి. ఫ్యాను పైన డాబా మీద చివర ఉండాలి. అలా ఉంటే బిల్డింగ్ లోపల డక్టు పొడుగునా లాగుడే ఉంటుంది, ఎక్కడైనా చిన్న చిల్లు పడినా పొగ గదుల్లోకి చిమ్మదు. మా కాంట్రాక్టర్ ఒక మలుపు దగ్గర పల్చటి రేకు, రివిట్లు, సీలెంట్‌తో పని కానిచ్చేసి, ఫాల్స్ సీలింగ్ వాళ్లను తొందరపెట్టడం మొదలుపెట్టాడు. “పైన ఎవరు చూస్తారు మేడమ్?” అన్నాడు. విప్పించి మళ్లీ వెల్డింగ్ చేయించేదాకా సీలింగ్ మూయనివ్వలేదు. ఆ వారం సైట్‌లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. పర్వాలేదు.

నిప్పు విషయంలో నేను కూడా వెనక్కి తగ్గాల్సి వచ్చింది. హాల్లోని చెక్క పట్టీల సీలింగ్ హుడ్ దాకా సాగి ఆగిపోవాలని నా డిజైన్. వంటగది పొగ ఏర్పాట్లకు అమెరికాలో పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే అగ్నిభద్రతా ప్రమాణం ప్రకారం మండే స్వభావం ఉన్న దేన్నయినా హుడ్‌కూ డక్టుకూ కనీసం 18 అంగుళాల దూరంలో ఉంచాలి. కాబట్టి చెక్క ముందే ఆగింది. మధ్యలో అదే రంగు వేసిన స్టీలు పట్టీలు బిగించాం. కింద నిలబడి చూస్తే తేడా తెలియదు, తడితే తెలుస్తుంది. హుడ్ లోపల వెట్ కెమికల్ సిస్టమ్ నాజిళ్లు ఉంటాయి. వేడి ఒక హద్దు దాటగానే ఆ ద్రవం చిమ్ముతుంది, మరుగుతున్న నూనె మీద పడి సబ్బుగా మారి నురుగు పొర కడుతుంది, నిప్పుకు గాలి అందదు. అదే క్షణంలో గ్యాస్ వాల్వ్ మూసుకుంటుంది. నీళ్లు చల్లే మామూలు స్ప్రింక్లర్ ఇక్కడ పనికిరాదు, నూనె మంట మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో వంట చేసేవాళ్లందరికీ తెలుసు. ఆ పైపులు, సిలిండర్ అతిథులకు కనబడతాయని ఓనర్ గారు బాధపడ్డారు. నాకు అవి కనబడటమే ఇష్టం.

నేల గురించి క్లుప్తంగా. వంటగదికి నీళ్లు పోయే కాలువలు కావాలి, వాటికి వాటం కావాలి, అంటే లోతు కావాలి. పాత బిల్డింగ్ స్లాబు కోయడానికి లేదు. వంటగది ఒక్కటీ ఎత్తు చేస్తే పాస్ దగ్గర మెట్టు వస్తుంది. రెండు చేతుల్లో ప్లేట్లతో నడిచేవాళ్ల దారిలో మెట్టు పెట్టడం కంటే పాపం లేదు. వంటగదితో పాటు హాలు మొత్తాన్నీ 150 మి.మీ. లేపి, ఎత్తు తేడాను ప్రవేశం దగ్గరకు తీసుకెళ్లాం. చక్రాల కుర్చీకి 1:12 వాలు కావాలి కాబట్టి అక్కడ 1800 మి.మీ. ర్యాంపు పట్టింది. వంటగదిలో ఆర్11 గరుకుదనం ఉన్న టైల్స్, గోడా నేలా కలిసే మూల గుండ్రంగా తిప్పడం, ఎపాక్సీ గ్రౌట్. మేస్త్రీ రసమట్టం పట్టుకుని మొత్తం కాలువ పొడుగునా బకెట్లతో నీళ్లు పోసి చూపించాకే టైల్స్ మొదలుపెట్టాం.

చూపు దగ్గరకొస్తే అసలు సరదా మొదలైంది. డిజైనర్లం అందరం సైట్‌లో నిలబడే చూస్తాం, నిర్ణయాలన్నీ నిలబడే తీసుకుంటాం. అతిథి చూసేది కూర్చుని. మామూలు కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు 1200 మి.మీ. ఎత్తులో ఉంటుంది. గోడలు లేవకముందే నేల మీద టేబుళ్ల గీతలు వేసి, ప్లైవుడ్‌తో కౌంటరూ పాసూ అసలు కొలతల్లో కొట్టించి, ఒక్కో చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూర్చుంటే ప్రపంచమే వేరు. వంటవాడు పనిచేసే బల్ల 900 మి.మీ. ఎత్తు. దాని ముందు అతిథుల కౌంటరు 1050కి లేస్తే, కింద టేబుళ్ల దగ్గరున్నవాళ్లకు కటింగ్ బోర్డు మీది గజిబిజి కనబడదు, మణికట్టు నుంచి పైకి, ముఖం, పైకి లేచే ఆవిరి కనబడతాయి. ఎత్తు కుర్చీలో, అంటే 750 సీటు మీద, కూర్చున్నవాళ్లకు మాత్రం అంతా కనబడుతుంది. వాళ్లు దానికోసమే అక్కడ కూర్చుంటారు. కౌంటరు ఒక చివర 850 దగ్గరికి దించాం, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకూ ముందువరసలో చోటు ఉండాలి కదా.

అలా కూర్చుని చూస్తే ఇంకోటి తేలింది. కిందనుంచి చూసేవాడికి అన్నిటి అడుగుభాగాలూ కనబడతాయి. అరల అడుగు, హుడ్ లోపల లైట్లు, పాస్ మీది దీపాల లోపలి బల్బు, వైర్లు వేలాడే చోటు. వాటన్నిటికీ ఫినిషింగ్ డ్రాయింగ్ ఇచ్చాను. “అరకు అడుగున పాలిష్ ఏంటి మేడమ్!” అని కార్పెంటర్ నవ్వాడు. కుర్చీలో కూర్చోబెట్టాను, నవ్వు ఆగింది.

ఏం కనబడకూడదు అన్నది అసలు చర్చ. ఎంగిలి ప్లేట్లు పోయే దారి, గిన్నెలు కడిగే చోటు, చెత్త, పచ్చి సరుకు దిగే చోటు, కూరగాయలు కోసే పెద్ద పని, ఇవన్నీ వెనకాల గోడా తలుపూ ఉన్న రెండో వంటగదిలోకి వెళ్లాయి. ఓపెన్ కిచెన్ అని మనం చూసేది ఎప్పుడూ వంటగదిలో ఒక భాగమే. చేతులు కడుక్కునే సింకును మాత్రం పట్టుబట్టి ముందుకు, అందరికీ కనబడేలా పెట్టించాను. వంటవాడు చేతులు కడుక్కోవడం చూసిన అతిథి హాయిగా తింటాడు. బల్లకే గుండ్రటి రంధ్రం పెట్టి, కింద సొరుగులో చెత్తడబ్బా దాచాం. వంటవాళ్ల నీళ్ల సీసాలు, ఫోన్లు, మందుల డబ్బాలు, కళ్లజోళ్లు ఎక్కడ పెట్టుకుంటారని చెఫ్ గారిని అడిగితే ఆయనే ఆశ్చర్యపోయారు, ఇంతవరకు ఏ డిజైనరూ అది అడగలేదట. ప్రతి స్టేషన్ కిందా అతిథి చూపు అందని వైపు ఒక చిన్న అర వచ్చింది. అది లేకపోతే ఆ సీసాలన్నీ నెల తిరిగేసరికి పాస్ మీదకు చేరతాయి.

ఇక్కడే చెఫ్ గారు ఒక కోరిక కోరారు, మొత్తం పనిలో ఆయన ఒకటికి రెండుసార్లు అడిగింది అదొక్కటే. “మావాళ్లు ఆరేడు గంటలు జనం ముందు నిలబడతారు మేడమ్. తిట్టు పడ్డా, చెయ్యి కాలినా, ఏడుపొచ్చినా ముఖం మార్చకూడదు. ఎవరికీ కనబడకుండా ఒక్క నిమిషం నిలబడే చోటు కావాలి.” కోల్డ్ రూమ్ తలుపు పక్కన గోడను కాస్త మడిచి, రెండడుగుల వెడల్పు సందు తీశాం. అందులో ఒక చిన్న ఫ్యాను, ఆనుకోవడానికి ఒక పట్టీ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. ప్లాన్‌లో దానికి పేరు పెట్టలేదు. ఓనర్ గారు అది స్టోరేజి అనుకుని అరలు కొట్టించబోతే చెఫ్ గారే వచ్చి ఆపారు.

చప్పుడు నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది. పొగ కనబడుతుంది కాబట్టి అందరూ ఒప్పుకుంటారు. చప్పుడు డ్రాయింగ్‌లో ఉండదు, ఖాళీ సైట్‌లోనూ ఉండదు, నిండిన రాత్రి మొదటిసారి వినబడుతుంది. స్టీలు, టైలు, గాజు, రాయి, వంటగదిలో ఉన్నవన్నీ చప్పుడును వెనక్కి కొట్టేవే. పైగా మనుషుల గుణం ఒకటుంది. చుట్టూ రొద పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో ఎటియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని గమనించి రాశాడు, ఆయన పేరే పెట్టారు. ఒక టేబుల్ గొంతు పెంచితే పక్క టేబుల్ పెంచుతుంది, ఎనిమిదింటికి సరదాగా ఉన్న హాలు తొమ్మిదిన్నరకు సంతగా మారుతుంది. డెబ్బై డెసిబెల్స్ దాకా ఎదురుగా ఉన్న మనిషితో మామూలుగా మాట్లాడొచ్చు. ఎనభైకి చేరితే ముందుకు వంగి అరవాలి. ఖరీదైన చోటికి వచ్చి అరుచుకోవడం ఎవరికి ఇష్టం?

వాలెస్ సబైన్ హార్వర్డ్‌లో 1890ల చివర్లో కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ చేతికి అందే లెక్క: (మీటర్ల లెక్కలో) గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో చప్పుడును పీల్చుకునే మొత్తంతో భాగిస్తే, ప్రతిధ్వని ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. మొదట అనుకున్న మెటీరియల్స్‌తో లెక్కేస్తే మా హాలు ఒకటిన్నర సెకను దగ్గరకొచ్చింది. నాకు 0.7 కావాలి. చెక్క పట్టీల వెనకాల రాతి ఊలు, దాని మీద నల్లటి పల్చటి గుడ్డ. పట్టీల మధ్య సందుల్లోంచి చప్పుడు లోపలికి పోయి చచ్చిపోతుంది. గోడవార సోఫాలకు మందపాటి గుడ్డ, పెద్ద కిటికీలకు బరువైన కర్టెన్లు, టేబుళ్ల అడుగున ఫెల్ట్. ఆ ఫెల్ట్ ఎవరికీ కనబడదు, ఖర్చూ పెద్దగా లేదు, నేను అందరికీ చెప్పే చిట్కా. వంటగదిలో గుడ్డ, ఊలు పనికిరావు, జిడ్డు పీల్చి కంపు కొడతాయి. అక్కడ సీలింగ్‌కు కడగడానికి వీలయ్యే, సన్నటి రంధ్రాలున్న మెటల్ పలకలు వేశాం, మిగతాది చప్పుడు పుట్టే చోటే తగ్గించాలి. గిన్నెలు దించే చోట సిలికాన్ మ్యాట్లు, సొరుగులకు సాఫ్ట్ క్లోజ్, ఆర్డర్ ప్రింటర్ కీచుమనే బదులు స్క్రీన్, ఫ్రిజ్ కంప్రెసర్లు డాబా మీదికి. ఎక్జాస్ట్ డక్టులో చప్పుడు తగ్గించే ఊలు పెట్టకూడదు, జిడ్డుతో తడిసి నిప్పుకు ఆహారమవుతుంది. అందుకని డక్టు వెడల్పు పెంచి ఫ్యాను నెమ్మదిగా తిప్పే పద్ధతికి వెళ్లాం.

వెలుతురు దగ్గర చెఫ్ గారికీ నాకూ పడలేదు. ఆయనకు తెల్లటి లైటు కావాలి, మాంసం రంగు, ఆకు వాడిపోవడం తెలియాలి. నాకు హాల్లో వెచ్చటి 2700 కెల్విన్ కావాలి. పక్కపక్కనే 4000 పెడితే వంటగది ఆస్పత్రిలా, హాలు చీకటిగా కనబడుతుంది. రంగు సరిగ్గా కనబడటానికి కావాల్సింది తెలుపు కాదు, సీఆర్‌ఐ, అంటే లైటు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత. తొంభై పైన, ఎరుపును చూపించే ఆర్9 కూడా బాగున్న 3000 కెల్విన్ లైట్ల కింద రెండు ప్లేట్లు పెట్టి చూపించాను, అప్పుడు మెత్తబడ్డారు. పని బల్ల మీద 500 లక్స్, హాల్లో దానిలో ఐదో వంతు కంటే తక్కువ. మూసేశాక కడిగే వేళకు వేరే స్విచ్, 4000 కెల్విన్ పూర్తి వెలుగు. మూల మూలలా జిడ్డు కనబడాలి.

మెటీరియల్స్‌లో పాస్ బల్ల ఒక్కటి చెప్పాలి. ఓనర్ గారికి తెల్లటి పాలరాయి కావాలి. పాలరాయి మీద పులుపు చుక్క పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. క్వార్ట్జ్ అన్నారు, అందులో రెసిన్ ఉంటుంది, పొయ్యి మీంచి దించిన పెనం తగిలితే గుర్తు పడుతుంది. నాలుగు రకాల రాతి ముక్కలు చెఫ్ గారి పాత వంటగదికి పంపాం. నూనె పోశారు, పులుపు పోశారు, వేడి గిన్నె పెట్టారు, మర్చిపోయారు. వారం తర్వాత తుడిచి చూస్తే సింటర్డ్ స్టోన్, అంటే ఖనిజాల పొడిని బాగా వేడిచేసి ఒత్తి తయారుచేసే రాయి, ఒక్కటే వచ్చినట్టే ఉంది. పాలరాయి ముక్క ఓనర్ గారి టేబుల్ మీద పెట్టాను, మాటలు అవసరం పడలేదు. స్టీలంతా 304 గ్రేడు, అద్దం మెరుపు కాకుండా బ్రష్ ఫినిష్, గీతలన్నీ ఒకే దిశలో. అద్దం మెరుపు మీద ఒక్క వేలిముద్ర పడినా హాలు చివరిదాకా కనబడుతుంది.

తెరవడానికి ముందు తెలిసినవాళ్లను పిలిచి నిండుగా ఒక పూట నడిపారు. నేను ప్లేటు పట్టుకోలేదు, కుర్చీలు మారుతూ కూర్చున్నాను. కౌంటరు మూడో కుర్చీలో కూర్చుంటే పాస్ మీది వేడి దీపం సెగ నేరుగా నుదుటికి తగిలింది, ఆ దీపాన్ని జానెడు వెనక్కి జరిపాం. టాయిలెట్ దారిలో ఉన్న టేబుల్ నుంచి, వెనక వంటగది తలుపు తెరిచినప్పుడల్లా గిన్నెలు కడిగే చోటు కనబడుతోంది. తలుపు ఎడమకు కాకుండా కుడికి తెరుచుకునేలా మార్చారు. చప్పుడు మీటరు రాత్రి తొమ్మిదింటికి 72 దగ్గర ఆడింది, నేను అనుకున్నదానికి రెండెక్కువ. కర్టెన్లు ఇంకా రాలేదు, అవి వస్తే తగ్గుతుందని ఊరుకున్నాను, తగ్గింది.

అప్పగించేటప్పుడు ఒక ఫైలు ఇచ్చాను. సీలింగ్ మూయకముందు తీసిన ఫొటోలు, డక్టు తలుపులు ఎక్కడెక్కడున్నాయో గుర్తులు, ఫ్యాన్లు సర్దిన రోజు అంకెలు, హుడ్ ఫిల్టర్లు రోజూ రాత్రి కడగాలన్న కాగితం. ఫిల్టర్లు జిడ్డుతో మూసుకుపోతే లాగుడు తగ్గుతుంది, గాలి నడక తారుమారవుతుంది, మేం కష్టపడి చేసిందంతా మెల్లగా చెడుతుంది, ఎవరికీ కారణం తెలియదు. ఓనర్ గారు ఫైలు తిరగేసి అల్మరాలో పెట్టారు. చెఫ్ గారు అందులోంచి ఫిల్టర్ల కాగితం లాగి, లామినేట్ చేయించి, ఆ రాత్రే కడిగే సింకు మీద అంటించారు. కింద తేదీ, సంతకం గడులు ఆయనే గీసుకున్నారు.